పందెం దారిలో దిష్టి గుమ్మడికాయ

దేశదేశాల నుంచి వచ్చిన సైకిల్ వీరులందరినీ ఒక్క బూడిద గుమ్మడికాయతో నేలమీద పరిచేయబోయిన ఘనుడు పుదుచ్చేరిలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఇన్నాళ్ళూ ఈ సంగతి కడుపులో దాచుకున్నాను. ఇప్పుడు నాకు బొజ్జ వచ్చింది, సైకిలుకి తుప్పు వచ్చింది, కాబట్టి చెప్పేయవచ్చు. హాయిగా నవ్వుకోండి. కాని నవ్వే ముందు ఒక్క మాట: ఇందులో నా తప్పు సగమే. మిగతా సగం కూడా నాదేనని చివర్లో తేలుతుంది, అది వేరే విషయం.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. మాది యానాం. సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి పుదుచ్చేరిలో దిగాను. తమిళం మాట్లాడబోతే నాలుక మడతపడేది, చదవడం అసలే రాదు. బస్సు మీది ఊరిపేరు తెలియక, ఒకసారి ఆఫీసుకని ఎక్కి బాహూరు చెరువుగట్టు దగ్గర దిగినవాణ్ణి. అలాంటి నాకు మురుంగపాక్కంలో ఒక మేడగది అద్దెకు దొరికి, ఆ ఇంటివాళ్ళు తెలుగులో పలకరించేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటావిడ ఆర్. కనకమ్మ. చుట్టరికం ఏమీ లేకపోయినా నాకు పెద్దమ్మ అయింది. ఆమె భర్త రంగనాథం, పెదనాయన. ఎన్ని తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో వాళ్ళకే లెక్క తెలియదు. బాహూరు వైపు వరిపొలాలున్నాయి, పొలాల చుట్టూ బోలెడు బంధువులున్నారు. ఇంట్లో మాట తెలుగు, గుమ్మంలో పడే పేపరు మాత్రం తమిళం. ఆ పేపరును పెద్దమ్మ రోజూ కాఫీ తాగుతూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వదలకుండా చదివేది. ఈ చిన్న విషయాన్ని నేను రోజూ చూశాను కాని బుర్రకు ఎక్కించుకోలేదు. మీరు ఎక్కించుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక సైకిలు. సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక ఫ్రెంచాయన దగ్గర పాత రేసు సైకిలు కొన్నాను. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, బొటనవేలంత సన్నటి టైర్లు. దాన్ని భుజాన వేసుకుని గుమ్మంలోకి రాగానే పెద్దమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

“స్టాండు యాడ?”

“దీనికి స్టాండు ఉండదండి.”

“క్యారియరు?”

“ఉండదండి.”

“బెల్లు? మడ్‌గార్డు? లైటు?”

“రేసు సైకిలుకి అవేవీ ఉండవండి పెద్దమ్మగారూ. బరువు తగ్గాలి కదండి.”

“సగం బండి చేతిలో పెట్టి పంపించేసినాడు తెల్లోడు,” అని తేల్చేసింది. మోసపోయిన బిడ్డ కదా అని ఆ పూట అన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేసింది.

ఆ సగం బండి మీద రోజూ పొద్దున్నే మురుంగపాక్కం నుంచి బాహూరు చెరువు దాకా తొక్కేవాణ్ణి. బస్సులు నన్ను దాటిపోయేవి, అది సహజం. మోటారు సైకిళ్ళు దాటిపోయేవి, అదీ సహజమే. కాని రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని, నోట్లో వేపపుల్లతో, ఒక చేత్తో లుంగీ పట్టుకుని ఒకాయన రోజూ నన్ను దాటిపోయేవాడు. నిజం చెప్పొద్దూ, ఆయన ఎదుటపడకుండా ఉండాలని ఒక పావుగంట ముందు బయల్దేరేవాణ్ణి. ఆయన కూడా పావుగంట ముందే బయల్దేరేవాడు.

అయినా నా ఊహల్లో నేను మహావీరుణ్ణే. దానికి కారణం ‘పొడుగాయన’. ఇటలీ నుంచో ఎక్కడినుంచో వచ్చిన సైకిల్ ఆటగాడు. పేరు నాకు ఇప్పటికీ పలకడం రాదు. పాత పత్రికల్లో ఆయన ఫొటోలన్నీ కత్తిరించి గది గోడకు అంటించుకున్నాను. మూలమలుపులో సైకిలును నేలకు ఆనేంత వంచి, మోకాలు బయటికి పెట్టి, చిరునవ్వుతో తిరిగే మనిషి. ఆయన చొక్కా నీలం, మధ్యలో పసుపు పట్టీ. మా వీధి టైలరు చేత అలాంటిదే కుట్టించుకున్నాను. లైనింగు గుడ్డ కాబట్టి చెమట పట్టగానే రంగు దిగి నా ఒళ్ళంతా నీలమయ్యేది. అదీ బాగానే ఉందనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా ఒకరోజు ఆఫీసులో పిడుగులాంటి వార్త. విదేశీ జట్లన్నీ పాల్గొనే పెద్ద సైకిల్ పందెం మన బీచ్ రోడ్డులో మొదలవుతుందట. గాంధీ విగ్రహం దగ్గర బయల్దేరి, ఉత్తరంగా పోయి, వైతికుప్పం అనే జాలరిపేట దగ్గర ఎడమవైపు మలుపు తిరిగి, చెన్నై దారి పడుతుందట. ఒక్కసారే పోతారు, మళ్ళీ వెనక్కి రారు. ఆ జట్లలో పొడుగాయన కూడా ఉన్నాడు. ఇంకో సంగతి, పందేనికి గంట ముందు అదే దారిలో సామాన్యులు కూడా సరదాగా ఒక చుట్టు తొక్కవచ్చట.

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రోజు ఏ ఫైలు మీద ఏం రాశానో దేవుడికే తెలియాలి. పొడుగాయన తిరిగే మలుపులో నేనూ తిరుగుతాను. ఆ తర్వాత తాడు పక్కన నిలబడి ఆయన్ని కళ్ళారా చూస్తాను. జన్మలో ఒక్కసారి, పది సెకన్లు. అంతకుమించి నేనేమీ కోరలేదు.

ఇంటికి రాగానే పెద్దమ్మ పట్టేసింది.

“ఏంది నాయనా, మొగం అట్ట వెలిగిపోతా ఉండాది?”

“ఆదివారం బీచ్ రోడ్డులో పెద్ద సైకిల్ పందెం పెద్దమ్మగారూ. దేశదేశాలవాళ్ళు వస్తున్నారండి. నేను కూడా తొక్కుతున్నాను.”

చూడండి, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

“తెల్లోళ్ళతోనా?”

ఇదిగో, ఇక్కడ చెప్పాల్సింది. ‘కాదండి, నాది ఉత్త సరదా చుట్టు’ అని చెప్పేస్తే ఈ కథే లేదు. కాని ఆవిడ కళ్ళు అంత పెద్దవి చేసుకుని చూస్తుంటే నా నోరు నా మాట వినలేదు.

“వాళ్ళు నా వెనకాల వస్తారండి,” అన్నాను. గంట వెనకాల వస్తారు. ఆ గంట మాత్రం మింగేశాను.

“వింటిరా, తెల్లోళ్ళు మనోడి ఎనకాల వస్తారంట,” అని పెద్దమ్మ లోపలికి కేకేసింది. పెదనాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ బయటికొచ్చి, నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మర్నాటికి ఆ వార్త బాహూరు చేరింది. ఆ మర్నాటికి ఇరవై మంది ఒక టెంపో మాట్లాడుకున్నారు. గాంధీ విగ్రహం దగ్గర నిలబడితే ‘సరదా చుట్టు’ అన్న బ్యానరు కనబడిపోతుంది. అందుకని వాళ్ళకి ఒక సలహా ఇచ్చాను.

“వైతికుప్పం మలుపు దగ్గర నిలబడండి. జనం తక్కువ. అక్కడైతే బాగా కనపడుతుంది.”

నా పరువు కాపాడుకోవడానికి ఇరవై మందిని తీసుకెళ్ళి, ఆ దారి మొత్తంలో ఆటగాళ్ళకు అన్నిటికంటే ప్రమాదమైన మలుపులో నేనే నిలబెట్టానన్నమాట. నా తెలివి మీకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోందనుకుంటాను.

శనివారం సాయంత్రం పెద్దమ్మ చావడిలో ఒక పెద్ద బూడిద గుమ్మడికాయను ముందేసుకుని కూర్చుంది. తొడిమ దగ్గర గుండ్రంగా కోసి, లోపల కుంకుమా, చిల్లర పైసలూ కూరుతోంది.

“ఇదెందుకండి?”

“అంతమంది కండ్లు పడతాయి నీ మీద. నువ్వు పోయే దావలోనే దిష్టి తీసి పగలగొట్టేస్తా.”

కొత్త ఇంటి ముందు, కొట్ల ముందు పగిలిన గుమ్మడికాయ మీద స్కూటర్లు జర్రున జారడం నేను ఎన్నిసార్లు చూడలేదు? దాని మీదికి బొటనవేలంత టైర్లు వస్తే ఇంకేమైనా ఉందా? ‘వద్దు పెద్దమ్మగారూ’ అనాలి. రెండే రెండు మాటలు. కాని నాకు పెద్దవాళ్ళ మొహం మీద వద్దు అనడం పుట్టుకతోనే రాదు. గొంతులో ఆ ‘వద్దు’ అటూ ఇటూ పొర్లాడి, చివరికి “సరేనండి” అయి బయటపడింది.

రాత్రంతా దొర్లి, పొద్దున్నే ఒక ఉపాయం పన్నాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద చెప్పొచ్చు కదా. గుమాస్తా బుద్ధి మరి. మంచి తెల్లకాగితం తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: ‘పెద్దమ్మగారికి నమస్కారాలు. దయచేసి గుమ్మడికాయ బీచ్ రోడ్డుకు తేవద్దు. రోడ్డు మీద పగిలితే సైకిళ్ళు జారతాయి. నేను వచ్చాక ఇంటి గుమ్మంలోనే తీయండి. ఇట్లు, మీ రాంబాబు.’ పెద్దమ్మ పెరట్లో ఉంది. ఆవిడ స్నానం చేసి రాగానే మొదట వెళ్ళేది దేవుడి పటం దగ్గరికే. అక్కడ కుంకుమభరిణె కింద చీటీ పెట్టి, పిల్లిలా బయటపడి సైకిలెక్కాను. మనసు దూదిపింజలా తేలికైపోయింది.

సరదా చుట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. సముద్రం మీంచి ఎండ అప్పుడే లేస్తోంది. దారి పొడుగునా తాళ్ళు కట్టారు, రంగు జెండాలు కట్టారు, స్తంభస్తంభానికీ మైకులు కట్టారు. నాతోపాటు వందమందికి పైగా ఉన్నారు. అందరూ కబుర్లు చెప్పుకుంటూ, ఫొటోలు దిగుతూ తొక్కుతున్నారు. పందెంలా తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈల వినబడగానే తల దించి, పిరుదులు ఎత్తి, ప్రాణాలకు తెగించి తొక్కాను. కాసేపటికి చూస్తే ముందు ఎవరూ లేరు. వెనకాల మాత్రం టోపీలు పెట్టుకున్న ముసలి ఫ్రెంచివాళ్ళు ఇద్దరు నెమ్మదిగా వస్తున్నారు.

వైతికుప్పం మలుపు దగ్గర మావాళ్ళు నిలబడి ఉన్నారు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుంది. ఆవిడ కాళ్ళ దగ్గర ఒక బరువైన గుడ్డసంచి ఉంది. చీటీ పెట్టి వచ్చినవాణ్ణి కదా, అందులో ఇడ్లీలున్నాయనుకున్నాను.

“అదిగో మనోడు. తెల్లోళ్ళు నిజంగానే ఎనకాల ఉండారే,” అన్న పెద్దమ్మ మాట నా చెవిన పడింది. నా జీవితంలో అంతకంటే గొప్ప క్షణం అంతవరకూ లేదు. పొడుగాయనలా మోకాలు బయటికి పెట్టి మలుపు తిరిగాను. ఒక చెయ్యి కూడా ఊపాను.

లోపలి వీధుల్లోంచి తిరిగి గాంధీ విగ్రహం దగ్గరికొచ్చి, సైకిలును గోడకు ఆనించి, జనాన్ని తోసుకుంటూ తాడు దాకా చేరాను. మొదటి వరస. ఎదురుగా తెల్లగీత. పందెం ఇంకా మొదలవలేదు. వేదిక మీద ముఖ్య అతిథి ప్రసంగిస్తున్నాడు. ఆటగాళ్ళంతా పక్కనున్న షామియానా వెనకాల ఉన్నారు. ఆ గుడ్డ సందులోంచి ఒక నీలం చొక్కా చెయ్యి కనబడింది, దాని మీద పసుపు పట్టీ. అప్పుడు జేబులో ఫోను మోగింది.

“రాంబాబూ, నేను పెదనాయనను. ఈడ అంగడిలోనుంచి మాట్లాడతా ఉండా. పెద్దమ్మ గుమ్మడికాయ రొంబ బాగా కొట్టింది. నాలుగు పక్కలా పోయింది.”

“ఎక్కడ కొట్టారండి?”

“యాడ అంటావేంది. నువ్వు తిరిగిపోయిన మూలలోనే. మీ సైకిళ్ళంతా పోయినాక, నడిరోడ్డులో.”

“నేను రాసిన చీటీ చూడలేదా అండి?”

“చూసినాం, చూసినాం. దాన్ని గూడా పెట్టేసినాం.”

ఎక్కడ పెట్టారో అడిగేలోగా ఫోను తెగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మలుపులో పొడుగాయన సైకిలును ఎలా వంచుతాడో నాకంటే బాగా తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడు. అలా వంచిన సైకిలు కింద గుమ్మడి గుజ్జు. ఆయన వెనక మిగతావాళ్ళంతా ఒకరి మీద ఒకరు. గోడ మీద ఫొటోలు పెట్టుకుని మొక్కినవాణ్ణే ఆయన కాళ్ళు విరగ్గొట్టబోతున్నాను.

పక్కనే మెడలో ఈల వేసుకున్న నిర్వాహకుడొకాయన కనిపిస్తే చొక్కా పట్టుకున్నంత పని చేశాను.

“సార్, వైతికుప్పం మలుపులో రోడ్డు మీద గుమ్మడికాయ ఉంది సార్.”

“ఎవరిది?” అని అడిగాడాయన ఇంగ్లీషులో.

“ఎవరిదైనా తీయించాలి కదా సార్.”

“రోడ్డు సంగతి చూసే ఆయనకు చెప్పాలి. ఆయన వేదిక మీద ఉన్నాడు. ప్రసంగం అయ్యాక చెబుతాను.”

ప్రసంగం అయ్యాక పందెమే మొదలవుతుంది మహానుభావా, అని చెప్పే ఓపిక నాకు లేదు. తాడు కిందినుంచి దూరి వెనక్కి పరిగెత్తాను. నేను ఖాళీ చేసిన మొదటి వరస చోటును పూడ్చడానికి జనానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

ఆ రోజు వైతికుప్పం దాకా నేను తొక్కిన తొక్కుడు పాలక్యాన్ల ఆయన చూసి ఉంటే ముక్కున వేలేసుకునేవాడు. లోపలి వీధిలో కుక్కలు, కూరలబండ్లు, ముగ్గులేస్తున్న ఆడవాళ్ళు అందరూ పక్కకు తప్పుకున్నారు. ప్రతి సందు మొగలోనూ మైకులోంచి ప్రసంగం వినబడుతూనే ఉంది. ప్రసంగం సాగినంతసేపే పొడుగాయన కాళ్ళు భద్రం. నా జీవితంలో ఒక ఉపన్యాసం ఇంకా సాగాలని దేవుడికి మొక్కుకున్నది అదొక్కసారే. నాకు వచ్చిన పది తమిళ ముక్కల్లో ‘చివరిగా’ అన్నది ఒకటి. ఆ మాట వినబడినప్పుడల్లా నా గుండె ఆగేది. అదృష్టం, ఆయన చివరిగా అన్న తర్వాత మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే రకం.

మలుపులో చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ళముందుంది. తెల్లటి గుజ్జు, ఎర్రటి కుంకుమనీళ్ళు, పగిలిన పెచ్చులు, పైసలు. సరిగ్గా పొడుగాయన సైకిలు వంచే చోట. చుట్టూ జనం జాగ్రత్తగా మూడడుగుల దూరం వదిలి నిలబడ్డారు. ఎర్రటోపీ పోలీసు ఒకాయన ఎవరూ దాన్ని తొక్కకుండా కాపలా కాస్తున్నాడు.

“దీన్ని తీయించండి సార్,” అన్నాను.

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, దిష్టి తీసిన కాయను ముట్టుకోవడానికి తనకేమైనా మతిపోయిందా అని తమిళంలో అడిగాడు. చేపలబుట్టలతో నిలబడ్డ వైతికుప్పం ఆడవాళ్ళను బతిమాలాను. వాళ్ళు ఇంకో అడుగు వెనక్కి జరిగారు. సముద్రంలోకి కట్టుమరం మీద పోయే మగవాళ్ళు, అలలకు భయపడనివాళ్ళు, ఆ గుజ్జు ముక్కను చూసి తల అడ్డంగా ఊపారు. ఇక నేనే వంగబోయాను. పెద్దమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది.

“తాకొద్దు నాయనా. నీ దిష్టంతా దాంట్లోకి దించినా. మళ్ళా నీకే తగులుకుంటాది.”

“తీయాలి పెద్దమ్మగారూ. వాళ్ళొచ్చేస్తారు.”

“ఎవురొస్తారు? పందెం అయిపోయింది గదా. నువ్వే గదా ముందర పోయినావు.”

బాహూరు బంధువులు ఇరవై మందీ నన్నే చూస్తున్నారు. ఒకాయన చేతిలో పూలదండ కూడా ఉంది. మైకులో మళ్ళీ ‘చివరిగా’ అని వినబడింది. ఈసారి గొంతులో నిజంగానే ముగించే ధోరణి ఉంది.

“అయిపోలేదండి,” అన్నాను. “నాది పందెం కాదు, సరదా చుట్టు. ఎవరైనా తొక్కొచ్చు. వెనకాల వచ్చిన ఆ ఇద్దరూ ఈ ఊళ్ళోనే ఉండే ముసలాళ్ళు. అసలు పందెం ఇప్పుడు మొదలవుతుంది. నేను మీకు గొప్పలు చెప్పాను. వాళ్ళు దీని మీద పడితే కాళ్ళు విరుగుతాయండి పెద్దమ్మగారూ.”

సిగ్గుతో నా మొహం చొక్కా రంగుకు తిరిగి ఉంటుంది. పూలదండ ఆయన దండను నెమ్మదిగా వీపు వెనక్కి దాచేశాడు. పెద్దమ్మ నా రెక్క వదిలేసింది.

“నువ్వు తుడువు. మేము నీళ్ళు పోస్తాం. నీళ్ళకు దోషం లేదు,” అంది.

ఆ తీర్పు వినగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. వైతికుప్పం కొళాయి నుంచి బిందెలు నడిచాయి. ఆడవాళ్ళు మూడడుగుల దూరం నుంచే దబదబా పోస్తున్నారు. నేను నా నీలం చొక్కా విప్పి, బనీనుతో మోకాళ్ళ మీద కూర్చుని, రోడ్డును రుద్దుతున్నాను. కుంకుమ ఎరుపు పోయి రోడ్డు నీలమైంది, మా టైలరు పుణ్యాన. పెచ్చులు ఏరి తాడు అవతలికి విసురుతుంటే ఒక పెచ్చుకు దారంతో కట్టి ఉన్న కాగితం చేతికి తగిలింది. తడిసి ఎర్రబడినా నా ముత్యాల అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘దయచేసి గుమ్మడికాయ బీచ్ రోడ్డుకు తేవద్దు.’

“పెద్దమ్మగారూ, ఈ చీటీ మీరు చదవలేదా?”

“నేను తెలుగు రాత యాడ నేర్చినా? మాకు బళ్ళో అంతా అరవమే గదా. దేముడి కాడ పెట్టి పోయినావు, ఏందో మొక్కుబడి అనుకొని కాయకు కట్టినా. ఎంత బాగా రాసినావో.”

ఆవిడతో ఏడాదిగా రోజూ తెలుగులో మాట్లాడుతున్నాను. ఈ మాట ఒక్కసారి కూడా అడగలేదు. తల బాదుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

అప్పుడే మైకులో చప్పట్లు మోగాయి. ప్రసంగం అయిపోయింది. ఈల, దాని వెంటే పెద్ద కేక. దక్షిణం నుంచి మోటారు సైకిళ్ళ మోత మొదలైంది. పోలీసాయన నా బనీను పట్టి లాగుతున్నాడు. చొక్కాతో తడి ఒత్తేశాను, రోడ్డు దాదాపు పొడిబారింది. తాడు దాకా వచ్చి వెనక్కి చూస్తే మలుపు కొసన అరచేయంత పెచ్చు ఒకటి మిగిలి ఉంది. ఏం చేశానో నాకే తెలియదు. పోలీసాయన చేతిలో బనీను సగం చిరిగి మిగిలింది, నేను మాత్రం ఆ పెచ్చు మీద ఉన్నాను. దాన్ని పొట్టకు కరుచుకుని, రోడ్డు అంచుకు దొర్లి, నెత్తి నేలకు ఆనించి ముడుచుకుపోయాను.

వచ్చారు. నా వీపు మీదుగా గాలి కోసుకుపోయింది. వందల గొలుసులు ఒక్కసారిగా గీపెట్టినట్టు చప్పుడు. ఏదో తైలం వాసన. ఏదో భాషలో ఒక కేక. పది సెకన్లు. అంతే, వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా పడలేదు. ఆ పది సెకన్లలో నేను చూసింది ఏమిటయ్యా అంటే, రోడ్డు అంచున బెల్లం ముక్కను ఈడ్చుకుపోతున్న రెండు చీమల్ని.

తల ఎత్తేసరికి మావాళ్ళంతా గాల్లో తేలుతున్నారు.

“చూసినావా రాంబాబూ, నీ చొక్కా మాదిరే చొక్కా ఏసుకోని ఒకడు పోయినాడే, తాటిచెట్టంత ఉండాడు,” అన్నాడు పెదనాయన.

“ఈ మూలలో బండిని ఎట్ట వంచినాడప్పా. మోకాలు బయటికి పెట్టి,” అన్నాడు దండ ఆయన.

“నిన్ను చూసి నవ్వినాడు,” అంది పెద్దమ్మ.

ఇరవై మంది బాహూరువాళ్ళు చూశారు. చేపలబుట్టల ఆడవాళ్ళు చూశారు. పోలీసాయన చూశాడు. ఆ రోజు పుదుచ్చేరిలో పొడుగాయన్ని చూడనివాడు ఒక్కడే, ఆయన కోసం చొక్కా కుట్టించుకున్నవాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింట్లో ఏడుపే కాస్త ముందొచ్చింది. పెద్దమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. అప్పుడు దండ ఆయన దండ బయటికి తీసి, కాసేపు ఆలోచించి, నా సైకిలుకు వేశాడు.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ పేపరు పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చింది. మొదటి పేజీలో పెద్ద ఫొటో. మలుపులో సైకిళ్ళన్నీ వంగి ఉన్నాయి. ముందు పొడుగాయన, మోకాలు బయటికి, చిరునవ్వు. కింద మూలన చిరిగిన బనీనుతో, నెత్తి నేలకు ఆనించి నేను. ఒకే ఫొటోలో ఆయనా నేనూ.

“కింద ఏం రాశారు పెద్దమ్మగారూ?”

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని, వేలితో ఒక్కొక్క అక్షరం చూపిస్తూ చదివింది. “ఆటగాళ్ళు క్షేమంగా పోవాలని మోకరించి మొక్కుతా ఉండే అభిమాని.”

ఆ ముక్క నన్ను మళ్ళీ మనిషిని చేసింది. ఫొటో కత్తిరించి పటం కట్టించాను. ఆఫీసులో చూపించాను, అందరూ ఎందుకో నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. యానాంలో చూపించాను, పెళ్ళిచూపుల్లో కూడా చూపించాను. ఆ అభిమాని పటం ఏళ్ళ తరబడి మేడగదిలోనూ, పెళ్ళయ్యాక మారిన ఇంట్లోనూ గోడ మీద వేలాడింది.

చాలా ఏళ్ళకు, ఆఫీసు పరీక్ష కోసమని కూర్చుని తమిళం అక్షరాలు నేర్చుకున్నాను. వచ్చీరాని చదువు కదా, కనబడిన బోర్డునల్లా చదివేవాణ్ణి. ఒక సాయంత్రం గోడమీది పటం కనబడింది. కూడబలుక్కుని చదివాను. రెండోసారి చదివాను. అక్కడ మొక్కూ లేదు, అభిమానీ లేదు. ‘పందెం వేళ రోడ్డు శుభ్రం చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుడు’ అని ఉంది. నిజమైన కార్మికుడైతే నాకంటే శుభ్రంగా, సగం సమయంలో తుడిచేసి పోయేవాడు. ఆ వృత్తికి నా వల్ల మచ్చ వచ్చింది.

పటం చంకన పెట్టుకుని మురుంగపాక్కం వెళ్ళాను. పెద్దమ్మ అదే చావడిలో, అదే పేపరు ముందేసుకుని కూర్చుంది.

“పెద్దమ్మగారూ, ఇందులో ఏముందో మీకు ఆ రోజే తెలుసు కదండి?”

ఆవిడ పటం చూసింది, నన్ను చూసింది. “చదవడం నేర్చినావా, పాడుబడ. తెల్లోళ్ళు నీ ఎనకాల వస్తారని నువ్వు చెప్పితివి. మొక్కుతా ఉండావని నేను చెప్పితిని. సరికి సరి.” పటం మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ అంది, “ముందురోజే అంతమంది ఎదట తల దించుకోని నిజం చెప్పినావు బిడ్డా. మళ్ళా పొద్దున్నే ఇంకొక నిజం యెందుకని.”

అక్కడే కూర్చుని, ఆవిడ దగ్గరే కలం తీసుకుని, గుమాస్తా భాషలో ఒక ప్రతిజ్ఞాపత్రం రాశాను: ‘సమస్తమైనవారికీ తెలియజేయునది ఏమనగా, వి. రాంబాబు అను నేను ఇకమీదట నోటితో అనవలసిన వద్దును కాగితము మీద అనను. ఎవరు నా వెనకాల వచ్చుచున్నదీ గొప్పలకు పోయి చెప్పను. దిష్టి తగులునంతటి ఘనకార్యము జన్మలో చేయను.’ ఈసారి బుద్ధి తెచ్చుకుని పైన తెలుగులోనూ కింద తమిళంలోనూ రాసి, దేవుడి పటం దగ్గర కుంకుమభరిణె కింద పెట్టాను.

పెద్దమ్మ లేచి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, తమిళంలో ఉన్నదాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది.

“బాగుండాది నాయనా,” అంది. “గుమ్మడికాయకు కట్టేదా?”